బాపు ఎప్పుడస్తడు? – ఏడో భాగం

సోమవారం మధ్యాహ్నం దాకా జమున ముత్తయిదువ. మూడింటికి విధవరాలు. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ముత్తయిదువ!

ఆ మూడున్నర గంటల్లో ఏం జరిగిందో పోయిన వారం చూశారు కదా. రెండో తరగతి చదివే సుస్మిత బడి నుంచి పరుగెత్తుకొచ్చి, “బాపు సచ్చిపోయిండట, బడిల ట్యాబ్ చెప్పింది” అంది. ఆ ఒక్క మాటకు నాయనమ్మ సమ్మవ్వ వాకిట్లో పడి శోకం అందుకుంది. మడుగుపల్లె సగం ఆ ఇంటి ముందుకొచ్చి నిలబడింది. జమున రెండు చేతులూ గడపకేసి కొట్టుకుంటే మట్టిగాజులు పొడిపొడి అయ్యాయి. సౌదీలో ఉన్న జమున భర్త మహిపాల్ ఫోను ఎత్తేసరికి ఆరున్నర. “నేను బతికే ఉన్న. మీకేం పుట్టిందే?” అని అటు నుంచి వాడు అరిస్తే, ఏడవాలో నవ్వాలో తెలియక ఊరు మెల్లగా ఇళ్లకు పోయింది.

ఊరు పోయింది కానీ గాజులు తిరిగి రాలేదు. మంగళవారం గాజులు ఎక్కించనని గాజులామె అంది. అందుకే బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు జమున బోసి చేతులతోనే బడి గేటు తోసింది.

వెనక అత్త సమ్మవ్వ. అత్త వెనక మాజీ సర్పంచు ఓదెలు. ఓదెలు అంగీ జేబులో మడిచిన తెల్లకాగితం. పొద్దున్నే చాయ్ హోటల్లో కూర్చుని ఆయనే స్వయంగా రాసుకొచ్చిన తీర్మానం అది. మడుగుపల్లె ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు ఇంటర్నెట్ పాఠాలు ఆపేయాలి, రెండు ట్యాబులూ వాపసు పంపాలి అని నాలుగు వాక్యాలు. కింద తల్లుల కమిటీ అధ్యక్షురాలి సంతకానికి చోటు. ఆ అధ్యక్షురాలు జమునే! ఆమె సంతకం పెడితే ట్యాబులు ఈ రోజే పోతాయి. పెట్టకపోతే ఉంటాయి. పెట్టకుండా ఇంటికి పోయే ఉద్దేశం మాత్రం జమునకు లేదు.

లోపల రజని టీచర్ అయిదో తరగతికి బోర్డు మీద భిన్నాలు చెబుతోంది. మూలన చాప మీద ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు పదకొండు మంది, రెండు ట్యాబుల చుట్టూ తేనెపట్టు మీద ఈగల్లా ముసిరి ఉన్నారు. ఏదో పాట వస్తోంది. పిల్లలు చేతులూపుతున్నారు.

“బంద్ జెయ్,” అంది జమున గుమ్మంలోంచే.

రజని వెనక్కి తిరిగింది. “జమునక్కా, రాండ్రి. కూసోండ్రి...”

“కూసునేటందుకు రాలే. బంద్ జెయ్ అన్న!”

చాప మీద ఎవరో భయపడి నొక్కేశారు. పాట సగంలో తెగిపోయింది. జమున నాలుగు అంగల్లో బోర్డు దగ్గరికి పోయి, రెండు చేతులూ చాపి టీచర్ మొహం ముందు పెట్టింది. మణికట్ల మీద గాజు గీరిన గాట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

“సూడు మేడం. మంచిగ సూడు. మొగడు బతికుండంగ బోసి చేతులు. నిన్న పొద్దుగాల అవతలింటి సారక్క పొలానికి పోతాంది. నేను ఎదురైన. నన్ను సూశి ఇంట్లకు మర్రిపోయి, నీళ్లు తాగి, మళ్ల బయలెల్లింది. నా జీవితంల గంత నామోషీ ఎన్నడు వడలే. దీనికి జవాబు జెప్పు.”

“తప్పైందక్కా. నిన్ననే చెప్దామని మీ ఇంటికి అచ్చిన. మీరు తలుపు తియ్యలే.”

“తీసి ఏం జెయ్యాలె? బొట్టు వెట్టి, జాకెటు గుడ్డ ఇచ్చి పంపాల్నా?”

అయిదో తరగతి ఆడపిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. రజని మొహం కందిపోయింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. రోజూ జగిత్యాలలో బస్సెక్కి కోరుట్లలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వస్తుంది. ఈ బడికి తానొక్కతే టీచరు. ఆమె గొంతు పెంచి మాట్లాడగా ఈ ఊళ్లో ఎవరూ వినలేదు. ఇప్పటి దాకా!

సమ్మవ్వ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది. “పంతులమ్మా, సర్కారు నీకు జీతమిచ్చేది నువ్వు సదువు జెప్పేటందుకా, గీ డబ్బ జెప్పేటందుకా?”

“అవ్వా, అయిదు తరగతులకు నేనొక్కదాన్ని. పెద్దోళ్లకు లెక్కలు చెప్పేటప్పుడు చిన్నోళ్లు ఊకె కూసుంటరు. గా టైముల అక్షరాలు చూస్తరు, పాటలు ఇంటరు...”

“మా కాలంల గూడ ఒక్కడే పంతులు. ఆయన తాన బెత్తం ఉండె. కొట్టిండు గని ఎవ్వలిని సంపలే!”

ఓదెలు దగ్గి, జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో రెండుసార్లు రుద్దాడు. “మేడం, గొడవెందుకు? ఊరంత అనుకున్నదే రాసిన. ఆరేండ్ల పోరగాండ్లకు ఇంటర్నెట్ ఏంది? పెద్దగైనంక ఎట్లాగు తప్పది. జమున సంతకం వెడ్తది, మీరు ట్యాబులు కట్ట గట్టి ఇస్తరు, ఖతం.”

“ఊరంత అంటే ఎవలు సర్పంచు సాబ్?” రజని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. “మీ మనుమరాలు ఒకటో తరగతే గద. కోరుట్లల ఇంగ్లీష్ మీడియం. వాళ్ల స్కూల్ల స్మార్ట్ క్లాస్ అని గోడంత టీవీ పెట్టిన్రని మీరే చెప్పిన్రు, గీడనే నిలవడి. గా పొల్లకు ఇంటర్నెట్ మంచిది. గీ పొల్లలకు చెడ్డదా?”

ఓదెలు మెడ మీద నరం లేచింది. “గా బడి ముచ్చట వేరు. గాడ చూసుకునేటోళ్లుంటరు.”

“గీడ గూడ ఉంటరు, ఇంకొక టీచర్‌ను ఇప్పియ్యున్రి. మూడేండ్ల నుంచి అడుగుతున్న.”

“నోరు బాగానే లేస్తాంది!” అని జమున బల్ల మీద చరిచింది. “గా నోరు సోమవారం యాడికి వోయింది? నా బిడ్డకు అది ‘బాపు పోయిండు’ అని చెప్పేటప్పుడు నువ్వు యాడున్నవ్?”

“గీడనే. అయిదో తరగతికి లెక్కలు చెప్తున్న,” అంది రజని. “గదే నా తప్పు. పక్కన లేను.”

ఆ మాట అంత నేరుగా వస్తుందని జమున అనుకోలేదు. వచ్చిన కోపం ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక ఆగింది. అప్పుడే వంటపాక లోంచి రూతమ్మ తొంగి చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. చేతిలో గంటె, గంటెకు పప్పు.

“అమ్మా జమునమ్మా, ఒక్క మాట. దానికి మన మాట సరిగ ఇనవడదమ్మా. మా మనుమరాలు దీవెన ‘శనిగ గుడాలు ఎట్ల ఉడకవెడ్తరు’ అనడిగితె, అది గూఢచారుల కథ శురూ జేసింది. మేమైతె నవ్వుకున్నం. గని గదే దీవెన పోయినేడు నోరు తెరవకపోయేది. ఇప్పుడు బస్సు మీద బోర్డు సదువుతాంది. నేను సదువుకోలే, దాని అవ్వయ్యలు సదువుకోలే. ఇంట్ల చెప్పేటోళ్లు ఎవలున్నరమ్మా?”

“నువ్వు అన్నం వండు, ముచ్చట్లు వండకు,” అంది సమ్మవ్వ, అటు చూడకుండానే.

రూతమ్మ గంటె దించలేదు. పాకలోకీ పోలేదు. గుమ్మానికి ఆనుకుని అక్కడే నిలబడింది.

“సరే,” అంది జమున. “ఏం జెప్పిందో మా ముందర జెప్పియ్యి. మేం గూడ ఇంటం. సుస్మితా! ఇటు రా.”

సుస్మిత చాప మీద నుంచి లేచింది. రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడింది. తల్లి మొహం చూసి, టీచర్ మొహం చూసి, ట్యాబును రెండు చేతులతో పట్టుకుని వచ్చింది.

ఈ బడిలో ఒక పద్ధతి ఉంది. పాఠం అయ్యాక చిన్నపిల్లలు ఒక్కొక్కరూ ట్యాబును రోజుకు ఒకే ఒక్క ప్రశ్న అడగొచ్చు. ఏదైనా సరే. మైకు బొమ్మ నొక్కి నోటితో అడగడమే, రాయడం రాకపోయినా పర్లేదు. ఈ పద్ధతి పెట్టింది రజనే. పిల్లలు పొద్దున్నించీ ఆ ఒక్క ప్రశ్నను నోట్లో బెల్లంముక్కలా దాచుకుని కూర్చుంటారు!

“అడుగు బిడ్డా. సోమవారం ఎట్ల అడిగినవో గట్లనే.”

సుస్మిత పెదాలు మైకుకు ఆనించింది. “బాపు... ఎప్పుడు... అస్.. త.. డు?”

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. రజని ట్యాబును పెద్దవాళ్ల వైపు తిప్పింది. జమున పదో తరగతి దాకా చదివింది, గబగబా చదివేసింది. తన కూతురు ‘అస్తడు’ అంది. అది ‘అస్తమించాడు’ అని రాసుకుంది. బాపు ఎప్పుడు అస్తమించాడు? వెంటనే ఒక ఆడగొంతు, వార్తలు చదివినట్టు చల్లగా చెప్పింది.

“బాపు పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, జనవరి ముప్పైన అస్తమించారు.”

“అది గాంధీ తాత ముచ్చట,” అంది రజని. “ఆయనను గూడ బాపు అంటరు. మనమేమో నాయినను బాపు అంటం. ‘అస్తడు’ అనే మాట దానికి ఎరుకలేదు. ‘వస్తాడు’ అంటే ఎరుక. దగ్గరిది ఇంకో మాట ఎతికి పెట్టుకుంది. సుస్మితకు ‘అస్తమించారు’ అంటే తెల్వక అయిదో తరగతోళ్లను అడిగితే, పేపర్ల సచ్చిపోయినోళ్ల ఫొటో కింద రాస్తరు గద, గదే అని చెప్పిన్రు.”

ఎవరూ నవ్వలేదు. ఓదెలుకు నవ్వొచ్చింది కానీ జమున చేతులు చూసి మింగేశాడు.

సమ్మవ్వ మాత్రం ట్యాబు వైపు వేలు చూపించి, ఈసారి అరవకుండా, నిదానంగా అంది. “అచ్చుడుకు, సచ్చుడుకు ఫరకు తెల్వదు దానికి. మన మాట రాని డబ్బ మన పిల్లలకు ఏం జెప్తది పంతులమ్మా?”

ఆ మాట గదిలో సూటిగా పోయి గుచ్చుకుంది. జమునకు ఠక్కున గుర్తొచ్చింది. పది రోజుల కింద సుస్మిత ఇంట్లో “అమ్మా, నల్లా నీళ్లు వచ్చాయి” అంది. గట్లెందుకు మాట్లాడుతున్నవే అని తను నవ్వితే, “గట్లంటెనే దానికి ఇనవడ్తదమ్మా” అంది. తన పిల్ల ఒక యంత్రం కోసం నాలుక మార్చుకుంటోంది. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు కడుపు మండిపోతోంది!

“గా మాట నిజమే అవ్వా,” అంది రజని. తల దించుకునే అంది. “గని ఇంకొక మాట ఉన్నది. జమునక్కా, సుస్మిత ఈ ప్రశ్న సోమవారం కొత్తగ అడగలే. పదహారు దినాల నుంచి రోజు గిదొక్కటే అడుగుతుంది. మిగిలినోళ్లు ఏనుగు ఎంత తింటది, మెరుపెందుకొస్తది అనడిగితే, ఇది మాత్రం బాపు ఎప్పుడస్తడు అంటది. రోజు అది ‘అర్థం కాలేదు’ అంటుండె. అర్థం కావాలని సోమవారం మెల్లగ, ఇడివిడిగ అడిగింది. నేను గిది మీకు ముందే చెప్పాల్సింది.”

పదహారు దినాలు!

ఇంట్లో ఒక్క రోజు కూడా అడగలేదు. ఒకే మంచం మీద పడుకుంటారు ఇద్దరూ. తల దువ్వేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న తల్లి దాకా రాలేదు. ప్రాణం లేని గాజు ముక్క అది, అయినా దాన్నే అడిగింది. జమునకు కళ్లు చెమర్చే లోపే ఒళ్లంతా మంట లేచింది. దాచుకోవడానికి కోపాన్ని మించిన కొంగు ఏముంది?

“పెన్ను ఇయ్యి ఓదెలు మామా.”

ఓదెలు పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. జమున కాగితం మీదికి వంగింది.

“వెట్టే ముందు ఇనుండ్రి,” అంది రజని, ఈసారి కోపంగానే. “గేటు ముందర రోజు ఎనిమిదింటికి కోరుట్ల బడి బస్సు ఆగుతది. ఈ ఏడు ఏడుగురు పిల్లలు అండ్ల ఎక్కిపోయిన్రు. ట్యాబులున్నయని ముగ్గురు మళ్ల అచ్చిన్రు. ఇవి పోతే ఆ ముగ్గురే గాదు, ఇంకో పది మంది పోతరు. పిల్లలు లేని బడిని సర్కారు ఎందుకు నడుపుతది? తాళం పడ్తది. మీ సుస్మితకు ఇంకో బడి ఉంటది. దీవెనకు ఉంటదా? గది గూడ ఆలోచించి వెట్టుండ్రి సంతకం.”

“భయపెడ్తున్నవా?”

“అవునక్కా. భయపెడ్తున్న.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జమున పెన్ను కాగితానికి అంగుళం ఎత్తులో ఆగింది. రజని అంది, “ఒక్క పాఠం చూడుండ్రి. నిన్న రెండో తరగతికి చూపెట్టిందే. మూడు నిమిషాలు. చూసినంక మీ ఇష్టం.”

“మూడే,” అంది జమున. “నాలుగోది లేదు.”

రజని తన ఫోను హాట్‌స్పాట్ మళ్లీ కలిపి, ట్యాబును బల్ల మీద నిలబెట్టింది. బట్ట ఎలా తయారవుతుంది అనే పాఠం. తెల్లటి పత్తిచేను, పత్తి ఏరే చేతులు, గింజ తీసే మిషను, దారం. సమ్మవ్వ మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తోంది. ఓదెలు ఆవలించాడు. అప్పుడు ఒక పొడుగాటి రేకుల షెడ్డు వచ్చింది. “ఇవి మరమగ్గాలు. సిరిసిల్లలో వీటిని సాంచలు అంటారు” అని గొంతు చెప్పింది. ఆ వెంటనే చప్పుడు. టకటక టకటక ఠప్. టకటక టకటక ఠప్. గదంతా నిండిపోయింది.

“అమ్మా,” అంది సుస్మిత. “గిది బాపు సప్పుడు.”

“ఏందే?”

“బాపు ఫోన్ జేస్తె ఎనుక గిట్లనే అస్తది గద. టకటక టకటక ఠప్. గిదే.”

ఓదెలు పగలబడి నవ్వాడు. “పొల్ల మస్తు ఉషారున్నదే!” రజని కూడా పిల్ల తల నిమిరి, “మిషన్ల సప్పుడు యాడైనా అట్లనే ఉంటది బిడ్డా. సౌదీల గూడ కంపెనీలుంటయి,” అంది.

కానీ సమ్మవ్వ! కిటికీ దగ్గరున్న సమ్మవ్వ ఒక్క ఉరుకున వచ్చి ట్యాబును బల్ల మీద బోర్లా పడేసింది, పాఠం ఆగిపోయింది. “బంద్ జెయ్యిండ్రి దీన్ని! పొల్లకు పిచ్చి ఎక్కిస్తాన్రు! సంతకం వెట్టు జమునా, ఎంతసేపు? పెయ్యదూడను ఇడువాలె, నాకు పనున్నది.”

జమునకు అత్త తొందర అంతగా పట్టలేదు. ఆమెకు ఆ క్షణాన చేతికందింది ఒక్కటే, టీచర్‌ను కొట్టడానికి మంచి కట్టె.

“సూశినవా మేడం, నీ పాఠం? మొన్న నా మొగన్ని సంపింది. గియ్యాల్ల సిరిసిల్లకు తోల్కచ్చింది. రేపు ఇంకెవలి పక్కన కూసోవెడ్తదో! ఇగ నేను సంతకం వెట్టుడు గాదు, ఆయనతోనే జెప్పిస్త. ఇనుండ్రి అందరు.”

“ఇప్పుడెందుకే? డ్యూటీల ఉంటడు!” అంది సమ్మవ్వ.

“ఉండనియ్. సొంత బిడ్డకు రెండు మాటలు జెప్తె కంపెనీ మునగది.”

స్పీకర్ పెట్టి ఫోనును బల్ల మీద, సరిగ్గా తీర్మానం కాగితం మీదే పెట్టింది. ఒకటి, రెండు, మూడు రింగులు. అయిదో తరగతి మొత్తం మెడలు సాచింది.

“ఆఁ, చెప్పు,” అన్నాడు మహిపాల్. వెనక చప్పుడు. “ఏందే, మళ్ల ఎవలన్న సచ్చిన్రా?”

“యాడున్నవ్?”

“యాడుంటరే? కంపెనిల. డ్యూటీల ఉన్న.”

“నీ బిడ్డ ఏమంటాందో ఇను. నీ ఎనుక అచ్చే సప్పుడు సిరిసిల్ల సాంచల సప్పుడట. బడిల ట్యాబుల సూశిందట. కాదని జెప్పు దానికి. గట్టిగ జెప్పు, మేడం గూడ ఇంటాంది.”

అటు నుంచి అదే చప్పుడు. టకటక టకటక ఠప్. “ఎవలు నేర్పిన్రు దానికి గియ్యన్ని?” అన్నాడు.

జమున నుదురు ముడిపడింది. అడిగిందేమిటి, ఇతను చెప్పేదేమిటి? “ఎవలు నేర్పితె ఏంది? కాదను. ఒక్క మాట.”

“కాదే. పిచ్చోళ్లు. గీడ ఎండకు పెయ్యంత కాల్తాంది, మీకు పరాచకాలా? పెట్టెయ్, సూపర్‌వైజర్ సూస్తాండు...”

అప్పుడు వినిపించింది. మొదట దూరంగా, మైకులో ఏదో పాట. తర్వాత దగ్గరగా. ఇంకా దగ్గరగా. మహిపాల్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు, చప్పుడు ఒక్కసారి మూసుకుపోయింది. కానీ ఆ మైకు ముందు చెయ్యేం ఆగుతుంది? వేళ్ల సందుల్లోంచి ఒక్కో ముక్కా స్పష్టంగా బల్ల మీద వచ్చి పడింది.

“...తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా చెత్తబండికి అందించగలరు. ఇట్లు, సిరిసిల్ల పురపాలక సంఘం.”

లైను తెగింది.

వెనక బెంచీలో ఒక పిల్ల కిసుక్కుమంది. రూతమ్మ గంటె చూపించి నోరు మూయించింది. ఓదెలు పైకి చూశాడు, కిందికి చూశాడు, ఆఖరికి కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. రజని గెలిచినదానిలా లేదు. ఆమె మొహం తెల్లబోయింది. చేయి చాపి బోర్లా పడి ఉన్న ట్యాబు తీయబోయింది.

“ఉండనియ్,” అంది జమున.

మళ్లీ ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. దసరా పోయాక సౌదీ పోయాడు మహిపాల్. పోయిననాటి నుంచి ఒక్కసారీ మొహం చూపించి మాట్లాడలేదు. వీడియోలో రమ్మంటే, “గీడ నెట్ ఆగమాగం” అంటాడు. రూము ఫొటో పంపమంటే రేపంటాడు. జమున అన్నలు తిరిగి తిరిగి తెచ్చిన వీసా అది. కోరుట్ల బస్టాండులో బ్యాగు భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కిన మనిషి! ఆ బస్సు ఎటు పోయింది?

జమున అత్త వైపు తిరిగింది. కొడుకు సౌదీలో లేడని తెలిసిన తల్లి కూలబడాలి కదా. నోరు కొట్టుకోవాలి కదా. సోమవారం ఊరు దద్దరిల్లేలా ఏడ్చిన మనిషి కదా. సమ్మవ్వ గుమ్మం అవతల విడిచిన చెప్పుల కోసం కాలితో తడుముతోంది.

“అత్తమ్మా.”

“ఇంటికి నడువు.”

“అత్తమ్మా, నీకు ఎరుకేనా?”

సమ్మవ్వ ఆగింది. ఇటు తిరిగింది. ఆ మొహంలో భయం లేదు, ఏడుపు లేదు. తలుపు మూసి గడియ పెట్టినట్టుంది. “ముందుగాల గా కాగితం మీద సంతకం వెట్టు. వెడితె ఇంట్ల అన్నీ జెప్త. వెట్టకపోతివా, నీకు నేను జెప్పేది ఏం లేదు.”

“నీ కొడుకు యాడున్నడో జెప్పేటందుకు నేను ట్యాబు బంద్ వెట్టాల్నా?”

“పెట్టాలె. గది ఇంకొక దినం గీ పొల్ల చేతుల ఉంటె సంసారం ఉండది. ఇన్నవా? పెద్దదాన్ని, జెప్తున్న. వెట్టు.”

ఓదెలు కాగితాన్ని వేలితో జమున వైపు కొంచెం జరిపాడు. అలవాటు, పాపం! జమున పెన్ను అందుకుంది. దానికి మూత పెట్టింది. ఓదెలు జేబులో గుచ్చింది. గుచ్చి, బడిలో ఏ పెద్దవాళ్లూ కూర్చోని ఆ పిల్లల చాప మీద కూతురి పక్కన చతికిలబడి, ట్యాబు తీసి సుస్మిత ఒళ్లో పెట్టింది.

“బిడ్డా, పదహారు దినాల నుంచి బాపు ముచ్చటే అడిగినవట. గంతకు ముందు ఏమడిగినవ్ దీన్ని?”

సుస్మిత నాయనమ్మను చూసింది. “అవ్వ తిడ్తది.”

“సుస్మితా!” అంది సమ్మవ్వ.

“తిట్టది. నేనున్న గద. ఏమడిగినవ్?”

“బాపు ముచ్చట గిదిగాక ఇంకొక్కటే అడిగిన. అది జవాబు చెప్పలే.” సుస్మిత ఊడిన రిబ్బను వేలికి చుట్టుకుంటూ, తల్లి చెవి దగ్గరికి జరిగింది. గుసగుసగా చెప్పాననుకుంది కానీ, బడి మొత్తానికీ వినబడింది.

“అవ్వ నీళ్లపొయ్యిల ఏసి కాలవెట్టింది గద, బాపు పాస్‌పోర్టు... గది మళ్ల ఇస్తరా అని.”